వాన నీళ్ల పువ్వు

రాత్రికి రాత్రి కాడ ఇంకో గోరంత లేచింది.

రోజారాణి నోట్లో బ్రష్షు అలాగే పెట్టుకుని, ఇంటి వెనక గచ్చు మీదున్న టబ్బు ముందు గొంతుక్కూర్చుంది. నిన్న మెడ వంచుకుని ఉన్న కాడ ఇవాళ కాస్త నిటారుగా నిలబడింది. దాని కొసన వరుసగా మొగ్గలు, ఒక్కోటి నువ్వుగింజంత. అన్నిటికన్నా ముందున్న మొగ్గ కొనలో తెల్లటి గీత ఒకటి కనబడింది. నిజంగా కనబడిందా, తనకే అలా అనిపించిందా అని కళ్లు చికిలించి మళ్లీ చూసింది. ఉంది. తెల్లగానే ఉంది.

"వైశూ! ఉరికి రా! మొగ్గ తెల్లగైతుంది!" అని నోటినిండా నురగతోనే అరిచింది.

లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. డిగ్రీ చదివే పిల్ల పొద్దున్నే ఒక మొగ్గ కోసం మంచం దిగుతుందనుకోవడం రోజారాణి అత్యాశ. అయినా ప్రతి పొద్దూ పిలుస్తూనే ఉంటుంది.

ఆ టబ్బు ఒకప్పుడు కూతురు వైశాలికి చిన్నప్పుడు స్నానం చేయించిన టబ్బే. ఇప్పుడు అందులో ఒక పక్కన మంజీర ఇసుక, కడిగి కడిగి రంగు పోయిన కొబ్బరిపొట్టు కలిపి గట్టులా పోసి ఉంది. ఆ గట్టు మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మొక్కలు నేలను కరుచుకుని ఉన్నాయి. ప్రతి ఆకు మీదా సన్నటి వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా ఒక జిగురు చుక్క. చీమో దోమో వచ్చి వాలిందా, ఇక లేవదు. అంచున ఉన్న పొడుగు వెంట్రుకలు చూస్తుండగానే లోపలికి ముడుచుకుని దాన్ని ఆకు నడుమకు నెట్టేస్తాయి. టబ్బుకు రెండో పక్క ఖాళీగా వదిలిన నీళ్లలో ఆకుపచ్చ దారప్పోగుల్లాంటి మొక్క ఒకటి తేలుతూ ఉంటుంది. దాని ఒంటినిండా ఆవగింజంత తిత్తులు. నీళ్లలో ఈదే పురుగు దగ్గరికొస్తే తిత్తి నోరు తెరిచి లోపలికి లాక్కుంటుంది. ఈ రెండు మొక్కలూ ఎక్కడెక్కడి నుంచో రాలేదు. నస్రుల్లాబాద్ పక్కన రోజారాణి పుట్టింటి పొలాల దగ్గర పుట్టినవే. దారప్పోగుల్ని ఆమె వరిమడిలోంచి తీసి కవర్లో వేసుకుంటుంటే, "నాచుకు గింత మురిపెమా అక్కా?" అని తమ్ముడు పండరి పడీ పడీ నవ్వాడు.

ఎర్రమొక్కల సంగతి మాత్రం నవ్వుకునేది కాదు. అవి ఉన్న, ఎప్పుడూ చెమ్మ ఊరే జవుకు నేలలో మొన్న ఆషాఢంలో మొరం పోసి, వడ్లు ఆరబోసుకునే కల్లం చేశారు. మొరం బండి రాకముందు రోజారాణి మట్టిపెళ్లతో సహా ఎత్తి తెచ్చుకున్న మొక్కలే మిగిలాయి. ఇవి ఒక్కసారి పూసి, గింజ పట్టి, ఎండిపోయే రకం. గింజ పట్టకుండా ఎండిపోతే ఆమెకు తెలిసినంత మేర ఇక ఎక్కడా లేవు. అందుకే ఆ తెల్ల గీతను చూసినప్పుడు గుండె దడదడలాడింది. పరీక్ష రాసిన పిల్లల తల్లులకు రిజల్టు రోజు ఉండే దడ అది.

కానీ నీళ్లు గట్టు అంచు దాకా లేవు. నిన్నటికన్నా బాగా దిగిపోయాయి. ఈ మొక్కలకు వాన నీళ్లే కావాలి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. తెచ్చిన కొత్తలో తెలియక ఒక కుండీకి బోరు నీళ్లు పోస్తే అందులోవన్నీ నల్లబడి చచ్చాయి. ఫిల్టర్ నీళ్ల క్యాన్ తెచ్చి పోస్తే, వాళ్లు రుచికి ఏం కలుపుతారో ఏమో, ఆకుల మీద జిగురు ఎండిపోయింది. వాన ముఖం చాటేసి రెండు వారాలు దాటింది. మూత పెట్టి దాచుకున్న డ్రమ్ములో నీళ్లు అడుగంటాయి. పైన ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.

"ఏమే తల్లీ, గిప్పుడే పూస్తానంటవ్, గిప్పుడే నీళ్లు లేవాయె" అని మొక్కను ముద్దుగా కసిరి, రోజారాణి డ్యూటీకి తయారవడానికి లేచింది.

ఆ రోజు శుక్రవారం, డ్రై డే. దోమలు పెరగకుండా ఇంటింటికీ తిరిగి నిలవ నీళ్లు పారబోయించాలి. రోజారాణి ఆ వార్డుకి ఆశా కార్యకర్త. ఆమెకు తోడు మున్సిపాలిటీ తరఫున కిష్టయ్య వస్తాడు. పాత టైర్లు, కూలర్లు, కుండీ కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక డబ్బాలు, ఏవీ వదలరు. మరి తన ఇంటి వెనక టబ్బు? దాంట్లో పురుగును తినే మొక్కే ఉంది కదా, దాని జోలికి పోనక్కర్లేదని రోజారాణి తనకు తానే మాఫీ చేసుకుంది. కిష్టయ్యకు ఆ టబ్బు సంగతి తెలుసు. తెలిసీ నవ్వి ఊరుకుంటాడు.

రెండిళ్ల అవతల లలితమ్మ గడపలో కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు మీద తంబాకు పరవడం, చుట్టడం, కొస మడవడం, దారం బిగించడం, అన్నీ చూపు పెట్టకుండానే జరిగిపోతున్నాయి. వీళ్లను చూడగానే చాట పక్కన పెట్టి లేచింది.

"అన్ని చూస్కోండ్రి. గా గోలెం జోలికి మాత్రం పోకుండ్రి బిడ్డా. పప్పు నీళ్లవి."

"పప్పు నీళ్లేందవ్వా?"

"వాన నీళ్లు. మొన్న పెద్ద వానకు రేకుల కింద పెట్టి పట్టిన. నల్లా పైపు రోడ్డు తవ్వి పలగ్గొట్టిరి. బోరు నీళ్లల్ల కందిపప్పు పొద్దుందాక ఉడికిచ్చినా రాళ్ల లెక్కనే ఉంటది. మా మన్మరాలు సిరి పప్పు లేంది ముద్ద ముట్టది."

రోజారాణి నీళ్లు పట్టే ఆ పెద్ద గోలెంలోకి వంగి చూసింది. నిండా నీళ్లు, అడుగు కనిపించేంత తేట. ఆ తేటలో సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి. లార్వా. చిన్నవి, ఇప్పుడిప్పుడే పుట్టినవి.

ఆ క్షణంలో రోజారాణి మనసు ఎక్కడికి పోయిందో చెబితే నవ్వుతారు. దోమల మీదికి పోలేదు. డెంగ్యూ మీదికీ పోలేదు. ఇన్ని వాన నీళ్లు, పైగా వాటిలోనే ఇంత మేత! తన టబ్బు కళ్ల ముందు మెదిలింది. నీళ్లు గట్టు అంచు దాకా వచ్చినట్టు, కాడ నిలువునా లేచినట్టు కనబడింది.

"లార్వా ఉందవ్వా. పారబోయాలె" అంది.

నిజానికి చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. నీళ్లు వడగట్టి, గోలెం కడిగి, మూతికి తెల్లగుడ్డ బిగించి కట్టుకున్నా సరిపోతుంది. వాడుకునే నీళ్లయితే అలాగే చెప్పమని ట్రైనింగులో చెప్పారు. ఆ మాట నాలుక కొస దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

కిష్టయ్య గోలెం అంచు పట్టుకుని మురుగు కాలువలోకి వంచబోయాడు.

"ఆగన్నా! మోరీల పొయ్యకు. ఇవి టెస్టుకు పంపాలె" అంది రోజారాణి. మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఒక్కసారి తత్తరపడింది. ఇంటికి ఉరికినట్టు పోయి రెండు పెద్ద క్యాన్లు తెచ్చింది.

"టెస్టుకు రెండు క్యాన్లా చెల్లె?" అన్నాడు కిష్టయ్య మీసాల చాటున నవ్వుతూ.

"మంచిగ చెయ్యాలంటె గంత కావాలె."

లలితమ్మ కాదనలేదు. సర్కారు పని అనుకుంది. చెంబు తెచ్చి, తన నీళ్లను తనే ముంచి ఇచ్చింది. ఒలికిపోతాయేమోనని క్యాన్ మూతి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి మరీ పోసింది.

ఆ మధ్యాహ్నం రోజారాణి ఇంటికి రాగానే అన్నం కూడా ముట్టలేదు. గచ్చు మీద పీట వేసుకుని, క్యాన్లోని నీళ్లను టబ్బు ఖాళీ పక్కన సన్నధారగా వంచింది. గట్టు తడిసి ముదురు రంగుకు తిరిగింది. ఎర్రమొక్కల వేళ్ల దాకా చెమ్మ ఎక్కుతుంటే తన గొంతు తడుస్తున్నట్టే ఉంది ఆమెకు. నీళ్లతోపాటు లార్వా కూడా దిగాయి. మెలికలు తిరుగుతూ దారప్పోగుల మధ్యకు ఈదాయి.

"వైశూ, ఫోన్ తే! తొందరగ!"

ఈసారి వైశాలి వచ్చింది. తల్లీ కూతుళ్లు తలలు ఆనించుకుని ఫోన్లో పెద్దగా చేసి చూశారు. ఒక లార్వా తిత్తి దగ్గరగా పోయింది. ఇంకాస్త దగ్గరికి పోయింది. తోక అలా తగిలిందో లేదో, ఉన్న చోట లేదు. తిత్తిలో నల్లటి చుక్క ఒకటి కదులుతోంది.

"మమ్మీ! మింగింది! కండ్ల ముందట్నే మింగింది!"

"చూసినవా? నాచట నాచు! మీ మామకు పంపు గా వీడియో, ఇయ్యాల్నే పంపు!"

అప్పుడే అన్నానికి వచ్చిన రోజారాణి భర్త సంజీవ్ ఆటో తాళం వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. పిట్లం దాకా పోయొచ్చి ఆకలి మీదున్నాడు. "వంకాయ పెట్టరాదే, బెండకాయ పెట్టరాదే అంటే వినవు. దోమలకు దావత్ ఇస్తున్నవ్" అన్నాడు. అన్నాడే గానీ, తనూ వచ్చి వంగి చూశాడు. ఇంకోటి మింగేదాకా లేవలేదు. అన్నం చల్లారిపోయింది.

"నీళ్లు యాడియి మమ్మీ? డ్రమ్ము ఖాళీ గదా?" అంది వైశాలి ఫోన్ మీంచి కళ్లెత్తకుండా.

"ఇచ్చిండ్రు" అంది రోజారాణి. అని, గట్టు మీద లేని చెత్తను ఏరసాగింది.

ఆ రెండు రోజులూ ఆమె సంబరానికి పట్టపగ్గాల్లేవు. కాడ నిలువునా లేచింది. వెనక ఇంకో మొక్కకు కూడా కాడ పుట్టింది. ఆకుల మీద జిగురు చుక్కలు ఎండకు మిలమిలా మెరుస్తున్నాయి. మొగ్గ మాత్రం ఇంకా విడలేదు. ఆ పువ్వు పొద్దెక్కాక ఎండ తగిలితేనే విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. సరిగ్గా ఆ వేళకే తను డ్యూటీలో ఉంటుంది. మీటింగులన్నీ ఆ వేళకే పెడతారు, బరువు తూచే పిల్లలూ ఆ వేళకే వస్తారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, విచ్చుకుని ఉండగా కళ్లారా చూస్తే చాలు అనుకుంది.

ఆదివారం పొద్దున వెనక గోడ అవతలి నుంచి పిలుపు వినబడింది. "రోజా! ఓ రోజా!" లలితమ్మ గొంతు. ఎప్పుడూ పిలిచేలా లేదు.

"టెస్టుల ఏమొచ్చింది బిడ్డా?"

"ఏం టెస్టవ్వా?" అనేసి నాలుక కరుచుకుంది రోజారాణి.

"అదే, నా నీళ్లది. మా సిరికి రాత్రి సంది జెరం. పెయ్యి పెనం లెక్క కాలుతుంది. గా నీళ్లతోనే గదా వారం సంది దానికి పప్పు చేసిపెట్టిన. గా నీళ్లల్ల ఏమున్నదో ఏమో. నా చేతులతోని నేనే తినబెడ్తి."

రోజారాణి సంచి భుజాన వేసుకుని ఉరికింది. లలితమ్మ ఇంట్లో చాట మూలకు పెట్టి ఉంది. బీడీ ఆకు ఆరిపోయి చుట్టుకుపోయింది. గోలెం చింతపండుతో తోమి, ఎండలో బోర్లించి ఉంది. పొయ్యి పక్కన పప్పు గిన్నె ఖాళీ. వంటింటి బిందెలో మిగిలిన ఆ నీళ్లతోనే వండిన నిండు గిన్నె మోరీలో గుమ్మరించానని లలితమ్మే చెప్పింది. సిరీష చాపమీద ముడుచుకుని పడుకుంది. రోజారాణి జ్వరం చూసింది, తడిగుడ్డ వేసింది, సంజీవ్ ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయి రక్తం ఇప్పించింది. ఆ పని ఎప్పుడూ చేసే పనే, చేతులకు అలవాటైన పనే. ఆ రోజు మాత్రం చీటీ మీద పిల్ల పేరు రెండుసార్లు తప్పు రాసింది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. డెంగ్యూ లేదు, మలేరియా లేదు. ఊరంతా ఉన్న జలుబు జ్వరమే. పిల్ల మంగళవారానికి లేచి కూర్చుని, ఏదో ఒకటి పెట్టమని మారాం మొదలుపెట్టింది.

"ఇగ ఫికర్ లేదవ్వా, బిడ్డ మంచిగైంది" అంది రోజారాణి.

"బిడ్డ మంచిగైంది గనీ, నీళ్ల టెస్టు వచ్చిందా?" అంది లలితమ్మ. "గది వచ్చిందాక నాకు కడుపు నిండ తిండి పోదు. పోరికి మల్ల ఏదన్న వండాలంటే చెయ్యి ఆడుత లేదు. నువ్వు జర అడుగు బిడ్డా, గా టెస్టు చేసెటోళ్లను."

"అడుగుత అవ్వా."

బుధవారమూ అదే అడిగింది. గురువారం మందుల సంచితో పోతున్నదాన్ని దారిలో ఆపి మరీ అడిగింది. ఆ ముఖంలో అనుమానం లేదు, కోపం లేదు. తన నీళ్లు ఎక్కడో పెద్ద అద్దాల గదిలో ఎవరో తెల్లకోటు వాళ్లు చూస్తున్నారన్న నమ్మకం ఉంది. రోజారాణికి ఆ నమ్మకాన్ని చూస్తేనే తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి టబ్బు ముందు కూర్చుంటే మొగ్గ ఉబ్బి, తెల్ల గీత కాస్తా తెల్ల బొట్టయి, రేపో మాపో విచ్చుకోవడానికి తయారుగా ఉంది. సంతోషం ఎగదన్నుకుని వచ్చేది. దాని వెనకే సిగ్గు వచ్చేది. సంతోషపడినంత సేపూ సిగ్గుపడాల్సి రావడం ఆమెకు కొత్త.

గురువారం పొద్దు వాలుతుండగా సంజీవ్ టీ తాగుతుంటే చెప్పేసింది. "రేపు డ్రై డే మనింట్లకెల్లే మొదలుపెడ్త."

"పిచ్చా? నిన్నెవరన్న అడిగిండ్రా?"

"ఎవరు అడుగలే. గదే నా పరేషాన్."

సంజీవ్ టబ్బు వైపు చూశాడు. "నీళ్లు పారబోస్తే మల్ల యాడికెల్లి తెస్తవ్? గింజ పట్టొద్దా?"

 రోజారాణి గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

శుక్రవారం కిష్టయ్య వచ్చేసరికి ఎండ ఇంకా గోడ అవతలే ఉంది. రోజారాణి యూనిఫాం చీర కట్టుకుని, గచ్చు ఊడ్చి, లలితమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సిరీష కూడా నాయనమ్మ కొంగు పట్టుకుని వచ్చింది. వైశాలి గుమ్మంలో నిలబడింది.

"ఏందే, నన్ను పిలిచినవ్? టెస్టు వచ్చిందా?" అంది లలితమ్మ.

"టెస్టు లేదవ్వా. చెయ్యలే, పంపలే" అంది రోజారాణి. టబ్బు వైపు చెయ్యి చూపించింది. "నీ నీళ్లు గిక్కడున్నయి. నా మొక్కలకు వాన నీళ్లు లేకుండె. నీ దగ్గర చూసిన. టెస్టని చెప్పి తెచ్చుకున్న."

కిష్టయ్య నవ్వబోయి ఆపుకున్నాడు. లలితమ్మ టబ్బును చూసింది, రోజారాణిని చూసింది, మళ్లీ టబ్బును చూసింది.

"గీ గడ్డి కోసరమా?"

"అవునవ్వా."

"నా పోరి జెరంతోని కాలుతుంటే, నేను నా నీళ్లను తిట్టుకున్న, నన్ను తిట్టుకున్న. నిండు గిన్నె పప్పు మోరీల పోసిన. రోజు నిన్ను అడిగితి. రోజు నాకు ఏమన్న చెప్పినవా? ఒక్కనాడన్న నీ నోరు లేసిందా?" ఆమె అరవలేదు. అరిచి ఉంటే రోజారాణికి తేలికగా ఉండేది.

"లేవలేదవ్వా. తప్పు నాది. అందరియి పారబోయించిన, నాది దాసుకున్న. ఇయ్యాల నాదే ముందు పారబోస్త." రోజారాణి కొంగు నడుముకు చెక్కి వంగింది. "అన్నా, గటు పట్టు."

కిష్టయ్య తటపటాయిస్తూ అటు అంచు పట్టుకున్నాడు. టబ్బు ఒక పక్కకు లేచింది. నీళ్లు అంచు దాకా జారాయి. గట్టు మీద కాడ అటూ ఇటూ ఊగింది. వైశాలి "మమ్మీ!" అని కేకవేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోజారాణి కళ్లు మూసుకుంది.

"ఆగుండ్రి!"

లలితమ్మ కేకకు ఇద్దరూ బిగుసుకుపోయారు.

"ఎవరి నీళ్లని పారబోస్తుండ్రు? పోయిన శుక్రారం నాకు అబద్దం చెప్పి ఎత్తుకొస్తివి. ఇయ్యాల నన్ను అడుగకుండనే మోరీల పోస్తవా? దించు. దించమంటుంటే!"

దించారు. నీళ్లు కుదుటపడ్డాయి.

"లార్వా ఉందంటివి గదా, చూపియ్యి. నా నీళ్లల్ల ఏమున్నదో నా కండ్లతోని చూడాలె" అని లలితమ్మ విసవిసా ఇంటికి పోయి, ఒక చేత్తో బిందె, ఇంకో చేత్తో ఉతికి మడిచిన తెల్ల పంచె ముక్క పట్టుకుని వచ్చింది. బిందె మూతికి పంచె ముక్క పరిచి, అంచులు గట్టిగా బిగించి, కిష్టయ్యను పట్టుకోమంది. తనే చెంబుతో టబ్బు ఖాళీ పక్క నుంచి నీళ్లు ముంచి పోసింది. ఎర్రమొక్కలున్న గట్టు వైపు చెంబు తగలకుండా చూసి చూసి ముంచింది. దారప్పోగులు కొన్ని నీళ్లతోపాటే వచ్చి గుడ్డ మీద పరుచుకున్నాయి.

అందరి తలలూ గుడ్డ మీదికి వంగాయి. కిష్టయ్య జేబులోంచి టార్చి తీశాడు. తిత్తులన్నీ నల్లగా కడుపులు నిండి ఉన్నాయి. గుడ్డ మీద ఎంత వెతికినా తిరుగాడే పురుగు లేదు.

"ఇగో, గిక్కడ!" అని సిరీష వేలు పెట్టి చూపింది. ఒక తిత్తి నోట్లో లార్వా తల ఇరుక్కుని ఉంది. తోక మాత్రం బయట ఇంకా కొట్టుకుంటోంది. మింగుడు పడనంత పెద్దది.

"వారెవ్వా! గాలమే లేదు, వలే లేదు, గెట్ల పట్టింది చూడు!" కిష్టయ్య అంత పెద్ద మనిషీ గచ్చు మీద మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఇన్నేండ్ల సంది మందు కొట్టుకుంట తిరుగుతున్న, గిట్లాంటి చమత్కారం చూడలే! చెల్లె, నువ్వు నాచన్నవ్, నేను నాచే అనుకున్న గదనే!"

"నాచని నేనెన్నడన్న? మా తమ్ముడన్నడు" అంది రోజారాణి. ఏడుపో నవ్వో తెలియని గొంతు అది.

లలితమ్మ మాత్రం బిందెలోకి తొంగి చూసింది. వడగట్టిన నీళ్లు తేటగా ఉన్నాయి. "వడగట్టి, గుడ్డ కట్టుకుంటె సాలా? దోమ పోదా?"

"సాలవ్వా. బిగ్గర కట్టాలె. దోమ పోదు. వండుకునే నీళ్లు కాగుతయి గదా, భయం లేదు."

"మరి గా దినం ఎందుకు చెప్పలే?"

రోజారాణి తలెత్తి ఆమె కళ్లలోకి చూసింది. "చెప్తే నీళ్లు నాకు రాకపోతుండె."

 లలితమ్మ బిందెను తన వైపు జరుపుకుంది. బిందెకు సగం నీళ్లు ఉంచుకుని, మిగతా నీళ్లను చెంబుతో మళ్లీ టబ్బులోకే వంచింది. గుడ్డ మీద మిగిలిన దారప్పోగుల్ని జాగ్రత్తగా, ఒక్కటి తెగకుండా, నీళ్లలో వదిలింది. బీడీ ఆకు మడిచే వేళ్లు అవి, ఆవగింజంత తిత్తి కూడా నలగలేదు. ఆ వేళకే ఎండ గోడ దాటి గచ్చు మీదికి, గచ్చు మీంచి టబ్బు మీదికి పాకింది.

"గిదేంది తెల్లగ?" అంది లలితమ్మ.

రోజారాణి చూసింది. మొగ్గ విడుతోంది. ఒక రేక పక్కకు వాలింది. రెండోది కదిలీ కదలనట్టు కదిలింది. చొక్కా గుండీలో సగమైనా లేదు. అంత చిన్న పువ్వు కోసం ఇన్నాళ్లూ ఎదురుచూసింది. ఇప్పుడు ఎదురుగా విచ్చుకుంటుంటే ఒళ్లంతా జలదరించి, ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"వైశూ! పూస్తుంది! వైశూ, పూస్తుందే!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. వైశాలి ఫోన్ తీయడం కూడా మరచి వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. సిరీష నోరు తెరిచి చూస్తోంది.

"గింజ ఎన్నడు పడ్తది?" అని అడిగింది లలితమ్మ, పువ్వు మీంచి చూపు తిప్పకుండా.

"ఇంకొన్ని దినాలు పడ్తదవ్వా. గింజంటే పెద్దగుండదు, తంబాకు దుమ్ము లెక్కుంటది."

"సగం నాది."

"నీకెందుకవ్వా?"

"ఏమన్న చేస్కుంట. నా నీళ్లు తాగి పూసింది. సగం నాది."

"సగం నీదేనవ్వా" అంది రోజారాణి. 

కిష్టయ్య లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "చెల్లె, వార్డంత మిగిలింది. ఎండ ముదురుతుంది."

"ఇంకో ఘడియ ఆగన్నా. మొత్తం విచ్చుకోని."

"ఏం ఆగుడు?" అంది లలితమ్మ. పీట లాక్కుని టబ్బు ముందు కూర్చుంది. మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది. "పువ్వును నేను చూస్త. మూసుకునే దాంక చూస్త. నువ్వు పో. నా లెక్క నీళ్లు దాసుకున్నోళ్లు ఎందరున్నరో."

రోజారాణి లేవలేక లేచింది. రేకలు సగమే విడ్డాయి. గుమ్మం దాకా పోయి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. లలితమ్మ వీపు అడ్డం వచ్చి పువ్వు కనబడలేదు. సంచి భుజాన వేసుకుని, కిష్టయ్య కన్నా ముందే వీధిలోకి దిగింది.

పక్కింటి ముసలామె వీళ్లను చూడగానే నీళ్ల గాబు ముందుకొచ్చి చేతులు అడ్డం పెట్టింది.

"పారబొయ్యను పెద్దవ్వా, భయపడకు" అంది రోజారాణి వాకిట్లో నుంచే. "ఇంట్ల తెల్లగుడ్డ ఉందా?"